సముద్రంలో క్షారత పెంచితే వృక్ష ప్లవకాల లోకం ఎలా మారుతుంది

2021 శరదృతువులో, స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవిలోని తాలియార్తె అనే చిన్న రేవులో, తొమ్మిది పెద్ద పారదర్శక సంచులు దాదాపు నెల రోజుల పాటు నీటిలో వేలాడుతూ ఉన్నాయి. ఒక్కొక్క సంచిలో కొన్ని వేల లీటర్ల అట్లాంటిక్ సముద్రజలం ఉంది, ఆ నీటితో పాటు వచ్చిన కంటికి ఆనని జీవజాలమంతా అందులోనే ఉంది. జర్మనీలోని కీల్ నగరంలో ఉన్న జియోమార్ సముద్ర పరిశోధన కేంద్రం నడిపిన ఈ ప్రయోగంలో ఒక సంచిని ఉన్నదున్నట్టు వదిలేశారు. మిగతా ఎనిమిదింటిలో సోడియం కార్బొనేట్‌ను, సోడియం బైకార్బొనేట్‌ను కలిపి నీటి క్షారతను, అంటే ఆమ్లాన్ని తటస్థం చేసే దాని శక్తిని, మెట్టుమెట్టుగా పెంచారు. కిలో నీటికి 300 మైక్రోమోల్‌ల చొప్పున మెట్టు ఎక్కుతూ పోగా, చివరి సంచిలో క్షారత సహజ స్థాయికి రెట్టింపు అయింది. ఆ నీటిలో వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ సూర్యకాంతితో బతికే అతి చిన్న జీవులైన ఫైటోప్లాంక్టన్, ఎలా బతుకుతాయి, వాటిలో ఏవి పెరుగుతాయి, ఏవి తగ్గుతాయి అన్నది తేల్చడమే ఈ శ్రమకు కారణం. వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించడానికి సముద్రాన్ని సాధనంగా వాడుకోవాలన్న ఆలోచన ఇప్పుడు కాగితాలు దాటి నీటిలోకి దిగుతున్నందున ఈ ప్రశ్నకు జవాబు అత్యవసరమైంది.

ఆలోచన కొత్తది కాదు. సముద్రంలో సున్నం కలిపితే అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మరింతగా పీల్చుకుంటుందని 1995లోనే హరూన్ ఖేష్గీ ఒక శాస్త్ర వ్యాసంలో ప్రతిపాదించారు. నిజానికి భూమి ఈ పనిని ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది. వాననీరు కొండరాళ్లను కరిగిస్తుంది, ఆ కరిగిన లవణాలు నదుల వెంట సముద్రం చేరి నీటికి క్షారతనిస్తాయి, ఆ క్షారత కార్బన్‌ను బైకార్బొనేట్ రూపంలో వేల ఏళ్ల పాటు పట్టి ఉంచుతుంది. రాళ్లు తమంతట తాము కరిగే వేగం మనుషులు వదిలే పొగ వేగానికి ఏమాత్రం సరిపోదు. మానవాళి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రాలు మింగుతున్నాయి. దాని ఫలితంగా పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న ఉపరితల జలాల పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లత పెరిగిందని చెప్పే కొలత) ఇప్పుడు 8.1 దగ్గరికి దిగింది. అంకెలో చిన్నగా కనిపించే ఈ తేడాకు అర్థం, నీటిలో హైడ్రోజన్ అయాన్‌లు సుమారు 30 శాతం పెరిగాయని. క్షారత పెంపు ఒకవైపు కార్బన్‌ను నిల్వ చేస్తూ, మరోవైపు ఈ ఆమ్లీకరణకు స్థానికంగానైనా విరుగుడు కాగలదన్నది దాన్ని సమర్థించేవారి వాదన.

క్షారత అన్న మాట తెలుగు పాఠకులలో ఒక వర్గానికి బాగా పరిచయం. భీమవరం, కైకలూరు, నెల్లూరు ప్రాంతాల్లో రొయ్యల చెరువులు వేసిన రైతులు ఆల్కలినిటీ ఎంత ఉందో, ఉదయం పీహెచ్ ఎంత, మధ్యాహ్నం ఎంత అని పరీక్ష చేయించుకుంటూనే ఉంటారు. తగ్గితే సున్నమో డోలమైటో చల్లుతారు. వారు వాడే కొలతలోకి మారిస్తే ఈ ప్రయోగాల అంకెలు తేలిగ్గా అర్థమవుతాయి. సాధారణ సముద్రజలపు క్షారత కిలోకు సుమారు 2300 మైక్రోమోల్‌లు, అంటే చెరువు పరీక్షల భాషలో సుమారు 115 పీపీఎం. శాస్త్రవేత్తలు తరచు పరీక్షించే 500 మైక్రోమోల్‌ల పెంపు 25 పీపీఎంకు సమానం. చెరువులో ఇది పెద్ద మార్పేమీ కాదు. అయితే చెరువు నీరు రోజూ ఊగిసలాడుతుంది. ప్లవకాలు పగలంతా కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల తెల్లవారుజామున 7.8 చూపిన పీహెచ్ మధ్యాహ్నానికి 8.5కు ఎక్కడం అక్కడ మామూలు. తీరానికి దూరంగా నడిసముద్రంలో బతికే ప్లవకాలు అలాంటి ఊగిసలాటను ఎరగవు. అందువల్ల చెరువులో చెల్లిన లెక్క సముద్రంలో చెల్లుతుందని ముందే అనుకోవడానికి వీల్లేదు.

ఈ విషయమంతా ఒక సూక్ష్మమైన తేడా మీద ఆధారపడి ఉంది, దాన్ని పట్టుకోకపోతే ఏ ప్రయోగ ఫలితమూ సరిగా అర్థం కాదు. 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 8.1 పీహెచ్ ఉన్న ఒక బకెట్ సముద్రపు నీటిని తీసుకుందాం. దానిలో కాస్టిక్ సోడా ద్రావణం కలిపి క్షారతను 500 మైక్రోమోల్‌లు పెంచితే, కలిపిన ఆ క్షణాన పీహెచ్ దాదాపు 8.6కు చేరుతుంది. నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం బైకార్బొనేట్‌గా, కార్బొనేట్‌గా మారిపోతుంది. ఆ తర్వాత బకెట్‌ను గాలికి వదిలితే, ఖాళీ అయిన చోటును నింపడానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా నీటిలోకి దిగుతుంది. అది పూర్తిగా దిగాక పీహెచ్ 8.15 దగ్గర నిలుస్తుంది, కరిగిన కార్బన్ డయాక్సైడ్ మళ్లీ మొదటి స్థాయికి వస్తుంది, బైకార్బొనేట్ మాత్రం 300 మైక్రోమోల్‌లకు పైగా పెరిగి ఉంటుంది. మొదటి స్థితిని సమతౌల్యానికి ముందు స్థితి అనీ, రెండోదాన్ని సమతౌల్య స్థితి అనీ పిలవవచ్చు. బకెట్‌లో గాలి బుడగలు కొట్టి గంటల్లో సాధించగలిగిన ఈ సమతౌల్యానికి నిజమైన సముద్రంలో నెలలు పడుతుంది, నీరు లోతుకు దిగిపోతే ఏళ్లు కూడా పట్టవచ్చు. ప్లవకాలకు ఎదురయ్యేది ఈ రెండు స్థితులలో ఏది అన్నదే అసలు ప్రశ్న.

ఎవరి గురించి ఈ ఆందోళన అంటే, భూమి మీద జరిగే కిరణజన్య సంయోగ క్రియలో సుమారు సగం తమ మీద వేసుకున్న జీవుల గురించి. భూగోళం మీది మొత్తం వృక్ష ద్రవ్యంలో వీటి వాటా ఒక శాతం కూడా ఉండదు. అయినా అంత పని ఎలా చేస్తాయంటే, పుట్టుక, విభజన, మరణం అన్నీ రోజుల్లోనే జరిగిపోతాయి. అనేక జాతులు అనుకూల పరిస్థితుల్లో రోజుకు ఒకసారి రెట్టింపవుతాయి. ఈ వేగమే వాటి బలం, పరిశోధకులకు అదే చిక్కు. నీటి రసాయనంలో రెండు మూడు రోజుల తేడా కూడా ఏ జాతి ముందుకు వెళ్తుందో, ఏది వెనకబడుతుందో నిర్ణయించగలదు. ఆ తేడా పోయాక కూడా గెలిచిన జాతి పోషకాలను అప్పటికే తినేసి ఉంటుంది.

కార్బన్ డయాక్సైడ్ తగ్గితే మొక్కకు ఇబ్బంది అని చెప్పడం తేలిక, కానీ ప్లవకాల విషయం అంత సూటిగా లేదు. కార్బన్‌ను చక్కెరగా మార్చే రూబిస్కో అనే ఎంజైమ్ బైకార్బొనేట్‌ను పట్టుకోలేదు, దానికి కార్బన్ డయాక్సైడే కావాలి. సముద్రజలంలోని కార్బన్‌లో అలా కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఒక శాతం మించదు, దాదాపు 90 శాతం బైకార్బొనేటే. అందుకే చాలా ప్లవకాలు బైకార్బొనేట్‌ను లోపలికి లాక్కుని, కార్బొనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ సాయంతో దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి రూబిస్కోకు అందించే ఏర్పాటును పరిణామ క్రమంలో సంపాదించుకున్నాయి. ఈ ఏర్పాటు అన్ని జాతుల్లో ఒకే స్థాయిలో లేదు. దాన్ని నడపడానికి శక్తి కావాలి, జింక్ వంటి లోహాలు కావాలి, ఆ లోహాలు నడిసముద్రంలో అతి స్వల్పం. పెద్ద కణాలకు ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం తక్కువ కాబట్టి కార్బన్ డయాక్సైడ్ వాటికి చాలినంత వేగంగా అందదు. కనుక సమతౌల్యానికి ముందు స్థితి ఎక్కువ కాలం ఉంటే పెద్ద కణాల మీద, ఏర్పాటు బలహీనంగా ఉన్న జాతుల మీద ఆ భారం ముందుగా పడుతుందని ఊహించవచ్చు.

గ్రాన్ కనారియా సంచుల్లో శాస్త్రవేత్తలు కావాలనే సమతౌల్య స్థితిని ఎంచుకున్నారు. కార్బొనేట్, బైకార్బొనేట్ పాళ్లను సరిచూసి కలపడం వల్ల పీహెచ్ పెద్దగా మారలేదు. ఫలితం చాలామందికి ఊరట కలిగించింది. పోషకాలు తక్కువగా ఉన్న ఆ ఉష్ణమండల సరిహద్దు జలాల్లో ప్లవకాల సంఖ్యలోగాని, జాతుల కూర్పులోగాని, వాటిని తినే సూక్ష్మ జంతు ప్లవకాల్లోగాని క్షారత వల్ల వచ్చిన పెద్ద మార్పు కనిపించలేదు. ఆహార జాలం చాలావరకు తట్టుకుని నిలిచింది. ఇబ్బంది వేరే చోట, అదీ కేవలం అత్యధిక మోతాదు ఇచ్చిన సంచిలో తలెత్తింది. అక్కడ కార్బొనేట్ తనంతట తాను గట్టిపడి అవక్షేపంగా దిగడం మొదలైంది. దాని సంగతి తర్వాత.

ఇందులో ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఈ ఫలితం సమతౌల్య స్థితికి మాత్రమే వర్తిస్తుంది. కార్బన్‌ను ముందే పట్టుకున్న నీటిని సముద్రంలో వదలాలంటే, తీరాన పెద్ద పెద్ద ట్యాంకుల్లో గాలితో సమతౌల్యానికి తేవాలి, అది ఖర్చుతో కూడిన పని. చౌకగా చేయాలనుకునేవారు కాస్టిక్ సోడానో, సున్నాన్నో, మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌నో నేరుగా నీటిలో వదిలి, మిగతా పనిని గాలికి, అలలకు అప్పగిస్తారు. అంటే చౌక మార్గంలో ప్లవకాలకు ఎదురయ్యేది మొదటి స్థితి. రెండో స్థితిలో దొరికిన భరోసాను మొదటి స్థితికి అరువు ఇవ్వడం శాస్త్రపరంగా సరికాదు.

మొదటి స్థితిని నేరుగా పరీక్షించిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని టాస్మానియా తీరజలాలతో చేసిన చిన్న పాత్రల ప్రయోగంలో, 500 మైక్రోమోల్‌ల పెంపును రెండు విధాలుగానూ ఇచ్చి పోల్చారు. సమతౌల్యానికి తెచ్చిన పాత్రల్లో తేడాలు స్వల్పం. తేని పాత్రల్లో ప్లవకాల మొత్తం, వాటి కూర్పు మరికొంత స్పష్టంగా మారాయి, అయినా వ్యవస్థ కుప్పకూలలేదు. 2022 వేసవిలో నార్వేలోని బెర్గెన్ దగ్గర ఫియోర్డ్ అనే ఇరుకైన సముద్రపు పాయలో మళ్లీ పెద్ద సంచులు దించారు. ఈసారి పది సంచులు, అయిదు మోతాదులు, 150 మైక్రోమోల్‌ల మెట్లు, గరిష్ఠంగా 600. సగం సంచుల్లో సున్నపు రాయిని అనుకరించే కాల్షియం మార్గం, మిగతా సగంలో సిలికేట్ రాయిని అనుకరించే మార్గం అనుసరించారు. అత్యధిక మోతాదుల్లో పీహెచ్ 8.5ను దాటింది. అంతటి కుదుపులోనూ అక్కడి ప్లవకాలు చెక్కుచెదరకుండా కాకపోయినా చాలావరకు నిలదొక్కుకున్నాయి. సిలికేట్ ఇచ్చిన సంచుల్లో మాత్రం డయాటమ్‌లు అనే వృక్ష ప్లవకాల గాజు పెంకులు మరింత మందంగా తయారయ్యాయి. పెంకు మందం పెరగడానికి ముఖ్య కారణం క్షారత కాదు, దాని వెంట వచ్చిన సిలికేట్.

సంచుల ప్రయోగాలను చదివేటప్పుడు వాటికున్న ఒక స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. సంచిలో నీరు ఎటూ పోదు. నిజమైన సముద్రంలో గొట్టం చివర నుంచి, లేదా ఓడ వెనక నుంచి వదిలిన క్షారజలం ప్రవాహానికి, అలలకు కలిసిపోయి గంటల్లోనే పలచబడుతుంది. ఆ లెక్కన సంచి ప్రయోగాలు ప్రమాదాన్ని ఎక్కువ చేసి చూపిస్తాయి. మరోవైపు, ఒక తీరప్రాంతంలో ఏళ్ల తరబడి ప్రతిరోజూ వదులుతూ పోతే, గొట్టం మూతికి దగ్గరగా ఉన్న నీరు ఎప్పటికీ ఉపశమనం పొందదు. ప్లవకాలు ప్రవాహంతో వచ్చి ఆ మేఘంలో పడి, కొన్ని గంటలు ఉండి, మళ్లీ బయటికి పోతాయి. ఇలా వచ్చిపోయే కుదుపును నెల రోజుల స్థిరమైన మోతాదు ప్రతిబింబించదు. సంచి ప్రయోగం చేసే మేలు, ఎక్కడ ఆగాలో చూపడం. సముద్రంలో ఏమి జరుగుతుందో అది పూర్తిగా చెప్పలేదు.

క్షారతను తెచ్చే పదార్థం ఒంటరిగా రాదు. ఆలివిన్ అనే ఆకుపచ్చ రాయిని పొడి చేసి తీరపు ఇసుకలో కలిపితే, అది కరుగుతూ మెగ్నీషియంతో పాటు సిలికేట్‌ను, ఇనుమును, నికెల్‌ను, క్రోమియంను వదులుతుంది. సున్నం మార్గంలో కాల్షియం వస్తుంది. ఈ తేడాను ఆధారం చేసుకుని టాస్మానియాకు చెందిన లెనార్ట్ బాఖ్, ఆయన సహచరులు 2019లో ఒక ఊహను ముందుంచారు. సిలికేట్ రాళ్లు డయాటమ్‌లకు మేలు చేసి సముద్రాన్ని మరింత ఆకుపచ్చగా మారుస్తాయని, సున్నం మార్గం కాల్షియం కార్బొనేట్ పెంకులు కట్టుకునే కోకోలిథోఫోర్‌లకు కలిసివచ్చి నీటిని తెల్లబరుస్తుందని ఆ ఊహ సారాంశం. మొదటి సగం రొయ్యల రైతులకు ఆశ్చర్యం కలిగించదు. చెరువు నీరు గోధుమ రంగుకు తిరగాలని, అంటే డయాటమ్‌లు నిండాలని, సిలికేట్ ఉన్న మందులు వేయడం వారికి అలవాటే. సముద్రంలో అదే పని ఎంత విస్తీర్ణంలో జరుగుతుందన్నదే తేడా.

లోహాల విషయం తప్పనిసరిగా విడిగా చూడాలి. సహజ సముద్రజలంలో నికెల్ లీటరుకు కొన్ని నానోమోల్‌లు మాత్రమే. అది పూర్తిగా విషం కాదు, యూరియాను వాడుకునే ఎంజైమ్‌కూ, కొన్ని నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియాలు తమను తాము కాపాడుకునే ఒక ఎంజైమ్‌కూ అది కావాలి. ప్రయోగశాలలో పదకొండు ప్లవక జాతులకు నికెల్‌ను సహజ స్థాయికి ఎన్నో రెట్లు పెంచి ఇచ్చినప్పుడు చాలా జాతుల పెరుగుదల ఒక మోస్తరుగానే మారింది. అయితే అన్నీ ఒకేలా స్పందించలేదు. ఆలివిన్ కరిగినప్పుడు వచ్చే పదార్థాల మిశ్రమాన్ని డయాటమ్‌లకు, కోకోలిథోఫోర్‌లకు, నత్రజనిని స్థిరీకరించే జాతులకు ఇచ్చి చూసిన మరో పరిశోధనలోనూ తీవ్రమైన హాని బయటపడలేదు. కానీ ఇవి కొద్ది రోజుల, కొద్ది వారాల పరీక్షలు. ఒడ్డున ఇసుకలో ఏళ్ల తరబడి పేరుకునే లోహం నీటిలోని ప్లవకాల కన్నా ముందు అడుగునున్న జీవులకు తగులుతుంది. ఆ దిశలో చూపు మరింత పడాలి.

కోకోలిథోఫోర్‌ల కథలో ఒక మెలిక ఉంది, ఈ పద్ధతి లాభనష్టాల లెక్కను అది నేరుగా తాకుతుంది. కణం చుట్టూ సున్నపు బిళ్లలు అమర్చుకునే ఈ జీవులు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని తెల్లని సుద్దకొండలను కోట్ల ఏళ్ల పాటు పేర్చాయి. ఒక్కో కాల్షియం కార్బొనేట్ అణువు తయారైనప్పుడల్లా నీటి క్షారత రెండు ప్రమాణాలు తగ్గుతుంది, కొంత కార్బన్ డయాక్సైడ్ తిరిగి నీటిలో విడుదలవుతుంది. అంటే, పోసిన క్షారతను చూసి ఈ జీవులు సంతోషించి మరింత పెంకు కట్టుకుంటే, పోసినదాంట్లో కొంత భాగాన్ని అవే వెనక్కి తీసేస్తాయి. ఈ ప్రతిస్పందన ఎంత బలమైనదో ఇంకా వాదనలో ఉంది. సున్నపురాయి మార్గాన్ని అనుకరిస్తూ అమెరికాలోని సాంటా బార్బరాలో చేసిన ఒక ప్రయోగంలో ఒక కోకోలిథోఫోర్ జాతి, ఒక డయాటమ్ జాతి రెండూ పెద్దగా చలించలేదు. మరోవైపు, ప్రపంచ సముద్రాల్లో క్షారత ఎక్కువగా ఉన్న చోట పెంకు కట్టే జీవులు ఎలా పంచుకుని ఉన్నాయో చూసిన విశ్లేషణలు దీర్ఘకాలంలో ఆ ప్రతిస్పందనను కొట్టిపారేయలేమని సూచిస్తున్నాయి. పట్టిన కార్బన్‌ను లెక్కగట్టి క్రెడిట్‌లుగా అమ్మే సంస్థలు ఈ కోతను ముందే మినహాయించుకోవాలి.

జీవుల ప్రమేయం లేకుండానే ఇదే నష్టం మరింత వేగంగా జరగవచ్చు. కాల్షియం కార్బొనేట్ ఎంతవరకు గట్టిపడకుండా నీటిలో ఉండగలదో చెప్పే కొలత సంతృప్తత. సాధారణ ఉపరితల జలాల్లో అరగొనైట్ అనే కాల్షియం కార్బొనేట్ ఖనిజానికి ఇది 3 దగ్గర ఉంటుంది. ఆస్ట్రేలియాలో సున్నంతో చేసిన ప్రయోగాల్లో ఇది 7 చుట్టూ చేరినప్పుడు గొలుసుకట్టు అవక్షేపం మొదలై, పోసిన క్షారత కన్నా ఎక్కువ క్షారతను నీటి నుంచి లాగేసింది. అందుకే 5 దాటకుండా ఉంచడం మేలని ఆ పరిశోధకులు సూచించారు. ముందు చెప్పుకున్న బకెట్ ఉదాహరణకు తిరిగి వస్తే, 500 మైక్రోమోల్‌లు ఒక్కసారిగా కలిపినప్పుడు ఈ కొలత తాత్కాలికంగా 8ని దాటుతుంది. గాలితో సమతౌల్యానికి వచ్చాక 4కు, 5కు మధ్య నిలుస్తుంది. అవక్షేపం మొదలై తెల్లబడిన నీటిలో సూర్యకాంతి తగ్గుతుంది, ప్లవకాలను వడగట్టుకుని తినే జంతు ప్లవకాల గొంతులోకి ఆహారంతో పాటు సున్నపు రేణువులు పోతాయి. నీరు తెల్లగా పాలలా మారడం కంటితో చూడగలిగిన హెచ్చరిక. ప్లవకాలకు, కార్బన్ లెక్కకు రెండింటికీ ఒకేసారి నష్టం జరిగే స్థితి అదే.

పీహెచ్ మారినప్పుడు జరిగే చిన్న చిన్న మార్పులు ఇంకా ఉన్నాయి. కార్బొనేట్ పెరిగితే రాగి వంటి లోహాలు దానికి అంటుకుని కణాలకు తక్కువగా దొరుకుతాయి. రాగి ఎక్కువైన రేవులలో అది మేలే కావచ్చు. ఇనుము విషయంలో ఆమ్లీకరణ కొన్ని జాతులకు దాని లభ్యతను తగ్గిస్తుందని తెలుసు కాబట్టి, క్షారత పెంపు దాన్ని తిరగతిప్పవచ్చు. డయాటమ్‌లు చనిపోయాక వాటి గాజు పెంకులు పీహెచ్ ఎక్కువైన నీటిలో త్వరగా కరుగుతాయి. దానివల్ల సిలికేట్ లోతుకు పోకుండా పైపొరల్లోనే తిరుగుతుంది. చెరువుల్లో రైతులు భయపడే అమోనియా మాత్రం నడిసముద్రంలో పెద్ద బెడద కాదు. పీహెచ్ పెరిగినప్పుడు అమ్మోనియంలో విషపూరితమైన అమోనియా భాగం పెరిగే మాట నిజమే అయినా, అక్కడ మొదట ఉన్నదే అతి స్వల్పం. రేవులు, మురుగు కలిసే తీరజలాల విషయంలో ఈ ధీమా చెల్లదు.

ఒక జాతి తగ్గి మరో జాతి పెరిగితే ఏమవుతుంది, మొత్తం కిరణజన్య సంయోగం మారకపోతే చాలదా అని అడగవచ్చు. చాలదు. బరువైన గాజు పెంకు ఉన్న డయాటమ్ చనిపోయాక వేగంగా లోతుకు దిగి కార్బన్‌ను మోసుకుపోతుంది. అతి చిన్న కణాలు పైపొరల్లోనే తినబడి, అక్కడే కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతాయి. కోపెపాడ్‌లు అనే చిన్న జంతు ప్లవకాలు ఏ పరిమాణపు ఆహారాన్ని పట్టుకోగలవన్న దాని మీద చేపపిల్లల తిండి ఆధారపడి ఉంటుంది. అందువల్ల ప్లవకాల కూర్పులో వచ్చే మార్పు, మొత్తం మారకపోయినా, కార్బన్ ఎంత లోతుకు పోతుంది, చేపలకు ఎంత దక్కుతుంది అనే రెండు లెక్కల్లోనూ తేలుతుంది. క్షారతతో పట్టిన కార్బన్ ఒకవైపు, జీవులు లోతుకు మోసే కార్బన్ మరోవైపు ఉంచి తూచాలి. రెండోది కొంచెం తగ్గినా మొదటిదాని లాభం తరిగిపోతుంది.

ఇంతవరకు జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం తీవ్ర ప్రభావం కనిపించలేదనే చెబుతున్నాయి. ఆ మాటను అలుసుగా తీసుకోకూడదు, అతిగా నమ్మకూడదు కూడా. తొమ్మిది సంచులు, పది సంచులు, నెల రోజులు అన్న పరిధిలో, ప్లవకాల సంఖ్య వాటంతట అవే రెండు మూడు రెట్లు ఎగుడుదిగుడయ్యే చోట, పది శాతం తేడాను పట్టుకోవడం దాదాపు అసాధ్యం. తేడా కనబడలేదనడానికి, తేడా లేదనడానికి మధ్య దూరం ఇక్కడ చాలా ఎక్కువ. అదే సమయంలో పోలిక దేనితో అన్నది కూడా ముఖ్యం. క్షారత పెంచని సముద్రం పాత సముద్రంలా అలాగే ఉండిపోదు, అది వేడెక్కుతూ, ఆమ్లీకరణకు లోనవుతూ మారుతున్న సముద్రం. ఆ మార్పు కూడా ప్లవకాల కూర్పును తనదైన రీతిలో తిరగరాస్తోంది. ఏ మార్పూ లేని ఆదర్శ సముద్రంతో పోల్చి ఈ పద్ధతిని తిరస్కరించడం ఎంత తప్పో, సంచుల్లో ప్రాణాలు నిలిచాయని దాన్ని సురక్షితమని ప్రకటించడం అంతే తప్పు.

అసలైన సముద్రంలో పరీక్షలు మొదలయ్యాయి. కెనడాలోని హాలిఫాక్స్ రేవులో విద్యుత్ కేంద్రం చల్లబరచి వదిలే నీటిలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌ను కలుపుతున్నారు. కడుపులో మంటకు వాడే మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో ఉండేది ఈ పదార్థమే. ఆ చోటుకు ఒక అరుదైన సౌలభ్యం ఉంది. పక్కనే ఉన్న బెడ్‌ఫర్డ్ బేసిన్‌లో 1992 నుంచి వారం వారం నీటి నమూనాలు తీసి పరీక్షిస్తున్నారు, కాబట్టి సహజమైన ఎగుడుదిగుళ్లు ఏమిటో ముందే తెలుసు. ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్ వద్ద ఇటువంటి ప్రతిపాదన వచ్చినప్పుడు 2023లో స్థానికులు నిరసన తెలిపారు. సీల్ జంతువులు, చేపలు, స్నానాలు చేసే జనం ఉన్న తీరంలో తమను ముందే అడగలేదన్న బాధ అందులో ఉంది, దాన్ని శాస్త్రం తెలియకపోవడంగా తీసిపారేయడం అన్యాయం. 2025 ఆగస్టులో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతితో, గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో ఎర్రని రోడమిన్ రంగు కలిపిన కాస్టిక్ సోడా ద్రావణాన్ని సుమారు 65 వేల లీటర్లు వదిలి, ఆ రంగు వెంబడి ఓడలతో, పరికరాలతో తిరుగుతూ నీటిని, ప్లవకాలను కొలిచింది. వ్యాపార లక్ష్యం లేని, ఫలితాలు బహిరంగంగా పెట్టే ఇటువంటి పరీక్షలే ఇప్పుడు ఎక్కువగా కావాలి. సముద్రంలో వ్యర్థాలు వేయడాన్ని నియంత్రించే లండన్ ప్రోటోకాల్ సభ్య దేశాలు 2022లో క్షారత పెంపును ప్రత్యేకంగా పరిశీలించవలసిన పద్ధతుల్లో ఒకటిగా గుర్తించాయి. ఇంకా కట్టుబాటు గల నియమాలు రూపుదిద్దుకోలేదు.

బంగాళాఖాతం ఈ పటంలో ఇంకా లేదు. కానీ ఏదో ఒక రోజు ఆ ప్రతిపాదన ఇక్కడికీ రావచ్చు, అప్పుడు ఎదురయ్యే సముద్రం గ్రాన్ కనారియా లాంటిది కాదు. గోదావరి, కృష్ణ, మహానది, గంగ తెచ్చే మంచినీరు, రుతుపవనాల వాన కలిసి ఉపరితలం మీద తేలికపాటి ఉప్పు తక్కువ పొరను పరుస్తాయి. ఆ పొర మూతలా పనిచేసి, కింది పోషకాలను పైకి రానివ్వదు, పైన పోసినదాన్ని తొందరగా కిందికి పోనివ్వదు. క్షారత మేఘం పలుచని పైపొరలోనే నిలిచిపోయే అవకాశం ఇక్కడ ఎక్కువ, అంటే గాలితో సమతౌల్యం త్వరగా రావచ్చుగాని ప్లవకాలకు తగిలే మోతాదు కూడా ఎక్కువగానే ఉంటుంది. వాయవ్య బంగాళాఖాతపు తీరజలాల్లో ఆమ్లత పెరగడానికి నగరాల నుంచి, పరిశ్రమల నుంచి గాలిలో కొట్టుకొచ్చే సల్ఫేట్, నైట్రేట్ రేణువులు కూడా కారణమని విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం పరిశోధకులు ఇప్పటికే చూపించారు. కాబట్టి ఇక్కడ క్షారత మార్పును కొలవాలంటే గాలి నుంచి వచ్చే ఈ ఆమ్ల భారాన్ని విడదీసి చూడాలి. విశాఖ తీరంలో వేసవికి ముందు నెలల్లో కింది చల్లని నీరు పైకి ఉబికినప్పుడు డయాటమ్‌లు విరివిగా పెరుగుతాయని 1950ల నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. వరద నీరు కమ్మిన అక్టోబరులో అదే తీరాన ఉండే ప్లవకాల కూర్పు వేరు. మార్చిలో పోసిన కాస్టిక్ సోడాకు ఎదురయ్యేది పోషకాలతో కళకళలాడే పెద్ద డయాటమ్‌లు, అక్టోబరులో పోసినదానికి ఎదురయ్యేది వానల బురదనీటిలో వెలుతురు కోసం పోటీపడే మరో సమూహం. మార్చి, అక్టోబరు ఫలితాలను ఒకే అంకెలో చెప్పే ఏ నివేదికనైనా ఆ తీరపు మత్స్యకారులు, శాస్త్రవేత్తలు కలిసి నెలల వారీగా విడదీసి చూపమని అడగాలి.